పట్టకారుకి అడ్డుమేకు

నియామత్ పుట్టినప్పుడు డాక్టరు పట్టకారుతో తల పట్టి లాగాడు. నొక్కుడెక్కువై ఎడమ చెంపలో నరం చచ్చింది. నలభై ఏళ్ళొచ్చినా ఆ కన్ను పూర్తిగా మూతపడదు, టీ తాగితే ఆ పక్కనుంచి కారిపోతుంది. ఇంతా చేసి అతను పొట్టపోసుకునేది ఆ కాన్పు పట్టకార్లకి ఆకురాయి పట్టే. ఊరంతా ఆసుపత్రి పనిముట్లు చేసే సియాల్‌కోట్‌లో పుట్టినవాడికి ఇంకో పనేం దొరుకుతుంది?

"ఒరే వంకరమూతీ, నిన్ను లాగింది మన సరుకేనట్రా?" అనేవాళ్ళు తోటిపనివాళ్ళు. అతనూ సగం మూతితో నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు, ఖర్మ!

అంచు నునుపు తేలిందో లేదో అందరూ వేలితో చూస్తే, అతను బాగున్న చెంపకి రాసుకుని చూసేవాడు. కానీ నునుపొక్కటే చాలదని అతనికి తెలుసు. అందుకే తుక్కు ఉక్కుతో చిన్న మేకు చేసి రెండు పిడుల మధ్య బిగించాడు. ఎంత గట్టిగా పట్టినా పట్టకారు రేకులు బిడ్డ తలని నలిపేంత దగ్గరికి రావు.

యజమాని హాజీ మక్సూద్ దాన్ని చూసి, "కొలతలు గీసిన నక్షాలో ఉందా ఇది?" అన్నాడు.

"లేదు హాజీ సాబ్."

"నక్షాలో లేనిది నీ బుర్రలో ఎందుకుందిరా? పీకెయ్."

ఆ వారమే సరుకు కొనడానికి వచ్చిన ఒక విదేశీ డాక్టరమ్మ, పీకి బల్లమీద పడేసిన మేకు చూసి ఇదేమిటని అడిగింది. హాజీ ఊసరవెల్లి కదా, క్షణంలో రంగు మార్చాడు. నియామత్‌ని రప్పించి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పాడు. "పాత రకం చేసిన పని చూడండి మేడమ్. ఇకమీదట ఇలా జరగనివ్వం."

ఆర్డరు వచ్చింది. మేకు నిలిచింది. ఆ తరవాత ఎవరొచ్చినా నియామత్ వెళ్ళి మొహం చూపించాలి. పోనీలే, పిల్లలు బాగుంటారుగా అనుకున్నాడు, పిచ్చి మారాజు.

ఒకరోజు ఊళ్ళో ఆసుపత్రులకి వెళ్ళే పెట్టె తెరిచి చూస్తే, ఒక్కదానికీ మేకు లేదు.

"ఇక్కడ ఎవరడిగారు దాన్ని?" అన్నాడు హాజీ.

"ఇక్కడా పిల్లలు పుడతారు కదా, సాబ్."

"పుట్టనీ. నువ్వు పుట్టలేదూ? రొట్టె తినడం లేదూ?"

"అయితే నా మొహం ఇంకెవరికీ చూపించను. ఊరి సరుక్కీ మేకు పెట్టండి, అప్పుడొస్తాను."

హాజీకి కోపమైనా రాలేదు. మర్నాడు పక్కవీధి నుంచి నూరీ అనే నాలుగేళ్ళ పిల్లని తల్లితో సహా రప్పించాడు. అదే ఎడమ చెంప, అదే మూయని కన్ను. ఈ ఊరి ఆసుపత్రిలోనే పుట్టింది, ఈ కార్ఖానా సరుకుతోనే. వచ్చిన కొనుగోలుదార్లని చూసి పిల్ల బెదిరి, తల్లి ఓణీలో దూరింది.

"నియామత్, నీ దగ్గరైతే బెదరదు. నువ్వు పట్టుకో."

అతను కదల్లేదు.

"ఈ ఆర్డరు పోతే ఆ మేకు పైదేశాల పిల్లలకీ ఉండదు. నీ ఇష్టం."

నియామత్ నేలమీద కూర్చుని చేతులు చాపాడు. ఆ పిల్ల అతని మొహంలోకి కాసేపు చూసి, ఎక్కడో చూసిన మనిషిలా దగ్గరికొచ్చి ఒళ్ళో కూర్చుంది.

అతను పిల్ల గడ్డం పట్టుకుని, మొహం వెలుతురుకి తిప్పాడు.