హద్దు దాటిన పొక్లెయిన్

సివిల్ ఇంజనీరింగ్ చదివి, పొద్దుపోక డ్రెయిన్ గట్ల మీద తిరుగుతున్నానని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఈ రోజూ అమ్మ అదే మాట అంది. అయినా వెళ్ళాను.

టౌన్ నుంచి కొల్లేరుకు పోయే డ్రెయిన్‌ను గుర్రపుడెక్క కమ్మేసి, మూడు రోజులుగా టౌన్ వీధుల్లోనూ దిగువనున్న మా ఊరి కాలనీలోనూ నీళ్ళు నిలిచాయి. ఏటా ఎవరి డెక్కను వాళ్ళు అవతలి హద్దులోకి తోసేసి చేతులు దులుపుకుంటారు. ఈ రోజు మాత్రం మునిసిపాలిటీ పొక్లెయిన్ తిన్నగా వచ్చి మా కాలనీ దగ్గర దిగింది.

"మీ వీధులు మునిగుంటే ఇటొచ్చారేంటండీ?" అన్నారు మా సర్పంచి మంగమ్మగారు.

"అక్కడ ముందు తీస్తే ఆ నీళ్ళన్నీ మీ ఇళ్ళలోకొస్తాయండీ. కింద నుంచి తీసుకుంటూ పోవాలి. ఈ ఒక్కరోజూ మావాళ్ళు నన్ను తిట్టుకుంటారు, అంతే," అన్నారు మునిసిపల్ ఇంజనీరు.

"సగం తిట్లు మావైపు తోసెయ్యండి. తొయ్యడం మీకు అలవాటేగా."

ఆయన నవ్వేశారు. సాయంత్రానికి కాలనీ గుమ్మాల్లోంచి నీళ్ళు దిగాయి. రేపు మా పంచాయతీ కూలీలు టౌన్‌లో డెక్క తియ్యడానికి వెళ్తున్నారు.

తిట్లకు ముందే సిద్ధపడి వచ్చిన ఆఫీసరు మీ ఊళ్ళోనూ ఉంటే చెప్పండి, వచ్చి చూస్తాను. మునిసిపాలిటీ డ్రెయిన్ల సెక్షన్‌లో టెంపరరీ పోస్టు ఉంది, రమ్మన్నారు ఆ ఇంజనీరుగారు. సోమవారం చేరుతున్నాను.