నడిబురదలో ఆకూవక్క

మంచు మీద నడిచే బండి ఏది కొనాలా అని మీ అక్కాతమ్ముళ్లు పోట్లాడుకోవడం నిన్న ఫోనులో విన్నాను. కింది రోడ్డు నుంచి మీ కొండ మీది లాడ్జికి గ్యాసు సిలిండర్లూ బియ్యం మూటలూ మంచులో ఈడ్చుకుపోవాలి. తమ్ముడికి పెద్ద ఇంజను మీద మనసు. అక్కకు కింద తిరిగే పట్టా వెడల్పుగా ఉన్న తేలికబండి మీద మనసు. అవ్వా, నువ్వే చెప్పు అన్నారు.

మంచును మీరు పంపిన ఫోటోల్లో తప్ప నేను చూడలేదు. కానీ దిగబడే నేలలో బరువు లాగడం నాకు తెలుసు. ఆలూరు దగ్గర నల్లరేగట్లో కాపురం చేసినదాన్ని.

వంక అవతల, ఆ చిన్న వాగు దాటితే, మనకో చేను ఉంది కదా. మేము ట్రాక్టరు కొనక ముందు ఏడాది, అక్కడ ఎర్రగడ్డ, అదే మీరనే ఉల్లిపాయ, పెరికి కుప్ప పోశాక వాన పట్టుకుంది. బాడుగ ట్రాక్టరు వంక దాటలేక కూరుకుపోయింది. గడ్డ కుప్పలోనే మొలకెత్తి కుళ్లింది. ఆ వాసన చాలా రోజులు నా చీరలకు పోలేదు. సొంత ట్రాక్టరు కొందాం, అదీ దాటలేకపోతే ఆ చేను అమ్మేద్దాం అన్నాడు మీ తాత. ఆ చేలో రాళ్లన్నీ ఏరింది నేను. అమ్ముతానంటే నాకు అన్నం సయించలేదు.

ఆదోని షోరూములో మీ తాత అన్నిటికన్నా పెద్దది ఎక్కి, రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చాడు.

"ఎట్లుండాదే? గుర్రం మాదిరి పోతాంది!"

"తారురోడ్డు మీద నేను గూడా గుర్రం మాదిరే పోతా. దాన్ని మన వంకలోకి రమ్మను."

మా పుట్టింట్లో ఎద్దులు కొనేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. బండికి రాళ్లు నింపి, తడిసిన రేగట్లోకి తోలి, నడిమధ్యలో నిలబెట్టేవాళ్లు. మా నాయన గట్టున కూర్చొని నింపాదిగా ఆకూవక్క వేసుకునేవాడు. ఆ సేపట్లో చక్రాలు బాగా దిగేవి. అప్పుడు అదిలించేవాళ్లు. పోతా ఉన్న బండిని ఏ ఎద్దయినా లాగుతుంది, నిలబడిపోయిన బండిని కదిలించేదే ఎద్దు అనేవాడు.

అదే మాట చెబితే షోరూమాయన నవ్వి, "సరేమ్మా, మాకూ తెలుస్తాది" అన్నాడు. మంచి వాన పడిన మరునాడు రెండు ట్రాక్టర్లు పంపించి తనూ వచ్చాడు. ఒకటి మీ తాత మెచ్చిన పెద్దది, ఇంకొకటి నాలుగు చక్రాలూ లాగే చిన్నది. ట్రాలీకి రాళ్లు నింపాం.

పక్కచేనామె గట్టు మీద నుంచి అడిగింది. "ఏమక్కా, ట్రాక్టర్లకు పెండ్లిచూపులా?"

"అవు మల్ల, నడక చూడద్దా?"

పెద్దది బుసలు కొడుతూ వంకలోకి దిగింది. సగం దూరం పోగానే చెయ్యెత్తాను.

"ఆపప్పా."

"ఈడనా? నడిబురదలోనా?" డ్రైవరు కంగారుపడ్డాడు.

"ఈడనే."

గట్టున కూర్చొని సంచి విప్పి, ఆకుకు సున్నం రాసుకున్నాను. మీ తాతకు కాలు నిలవలేదు.

"బిరబిరా నములే! బండి దిగబడతాంది."

"దిగబడనీ. వాన మనల్ని అడిగి వస్తాదా?"

నమిలి ఊసి, పోనిమ్మన్నాను. వెనక చక్రాలు గిరగిరా తిరిగి, మీ తాత తెల్లపంచె నిండా బురద చిమ్మాయి. బండి ఇరుసు దాకా కూరుకుపోయింది.

ట్రాలీని తాళ్లతో బయటికి లాగి చిన్నదానికి తగిలించి, పక్కనే ఇంకోచోట దించాం. మీ తాతకు రోషం వచ్చింది. "ఈసారి రెండాకులు ఏసుకో!" అన్నాడు. రెండూ వేసుకున్నాను. పోనిమ్మనగానే ముందు చక్రాలు మట్టిని కరిచాయి. బండి ఒకసారి ఊగి, ఇంకోసారి ఊగి, ట్రాలీతో సహా గట్టెక్కింది. నేను వేసిన కేకకు వంకలోని కొంగలు లేచిపోయాయి.

"ఊర్లో నవ్వుతారే, పిల్లబండి అని," గొణిగాడు మీ తాత.

"గడ్డ రోడ్డెక్కినంక నవ్వమను."

ఆ పిల్లబండినే కొన్నాం. ఆ ఏడూ సరిగ్గా గడ్డ మూటలు కట్టిన రోజే వాన దంచింది. మీ తాత ట్రాలీ నింపుకొని వంకలో దిగాడు. నడిమధ్యకు పోగానే తాడు తెగి మూటలు ఒరిగాయి. ఆపక తప్పలేదు. గట్టు మీద జనం చేరారు. మీ తాత మోకాలి లోతు బురదలో దిగి, మూటలు సర్ది, తాడు ముడేసి, మళ్లీ సీటెక్కాడు. ఎక్కినాయన బండి కదిలించకుండా నా వైపు చెయ్యి చాపాడు.

"ఆకు యాడే?"

చీర కుచ్చిళ్లు ఎగజెక్కుకొని బురదలోకి పోయి ఇచ్చాను. వానలో తడుస్తూ, దొర మాదిరి కూర్చొని, నిదానంగా నమిలాడు. అందరూ చూస్తుండగా పక్కకు ఊసి గేరు వేశాడు. పిల్లబండి ఊగింది, కరిచింది, కదిలింది!

పొద్దు వాలేలోగా గడ్డంతా రోడ్డెక్కింది. ఒక్క మూట కూడా కుళ్లలేదు. పక్కచేనామె పరిగెత్తుకొచ్చి, "అక్కా, రేపు మా గడ్డకు పంపవా నీ పెండ్లికొడుకుని?" అంది. పంపాను. చేను అమ్మే మాట మీ తాత నోట మళ్లీ రాలేదు. ఈ ఏడు కూడా అక్కడ ఎర్రగడ్డే.

కాబట్టి నాయనా, అమ్మా, అంగట్లో తిప్పి చూపించేదాన్ని చూసి మురిసిపోవద్దు. మీ సిలిండర్లు కట్టి, మీ దోవలోనే, మంచు బాగా లోతుగా ఉన్నచోట ఆపించండి. అక్కడ ఆకూవక్క దొరకదేమో. ఒక గ్లాసు టీ తాగండి, తొందరపడకుండా. తర్వాత ఏది కదిలితే దాన్ని ఇంటికి తెచ్చుకోండి.