చెక్కపేళ్ల గోతం

ఉద్యోగమంతా ఆత్మకూరులో, కాపురం ఉదయగిరిలో. ఇంగ్లీషు పంతుల్ని, రోజూ బస్సులో వెళ్లివచ్చేవాణ్ణి. నా భార్య ఇంటి దగ్గర కూర్చుని బాడిశతో చెక్క స్పూన్లు చెక్కేది. నేను బస్సు దిగి వచ్చేసరికి వాకిట్లో పేళ్లు పరుచుకుని ఉండేవి. ఆ రోజు రాలిన పేళ్లతోనే ఆ రోజు వేణ్ణీళ్లు కాగాలి, అది ఆమె పట్టు. "పని జరిగిన దినం వేణ్ణీళ్లు, జరగని దినం సన్నీళ్లే" అనేది.

చివరి రోజు కూడా చెక్కింది. పొయ్యి ముట్టించకముందే నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. తిరిగి రాలేదు. ఆ పేళ్లను గోతంలోకి ఎత్తి పెట్టాను. చలికాలమంతా దగ్గుకుంటూ చన్నీళ్లే పోసుకున్నాను. చాదస్తమే, కాదనను. అవి కూడా కాలిపోతే ఆమె చేతి పని ఈ ఇంట్లో ఏదీ మిగలదు. చెక్కిన స్పూన్లన్నీ అమ్మేసింది, ఇంటికని ఒక్కటి దాచిందా మహాతల్లి!

మొన్న మధ్యాహ్నం పొద్దుపోక నిఘంటువు తిరగేస్తుంటే స్పూన్ అన్న మాట కనబడింది. వెయ్యేళ్ల నాటి ఇంగ్లీషులో దానికి అర్థం చెక్కపేడట. తినే స్పూన్ అన్న అర్థం తర్వాతెప్పుడో వచ్చిందట. ఇన్నేళ్లూ పిల్లలకు స్పెల్లింగు నేర్పానే గాని, దాని పుట్టుక చూసిన పాపాన పోలేదు.

"ఏమే, ఇట్రా" అని వంటింటివైపు కేకేశాను. కేకేశాక గుర్తొచ్చింది. పుస్తకం మూసేశాను. చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం ఆ పూట తెలిసినట్టు ఎప్పుడూ తెలియలేదు.

మర్నాడు పక్కింటావిడ వచ్చింది. ఆమే, నా భార్యా ఒకే అరుగు మీద కూర్చుని చెక్కేవాళ్లు.

"ఆ గోతంలో ఎలకలు చేరతా ఉండాయి సార్. పొయ్యిలో వేసెయ్యకూడదా?"

వెయ్యనన్నాను. పాతకాలపు ఇంగ్లీషువాళ్లు వీటినే స్పూన్ అనేవాళ్లని, క్లాసులో చెప్పినట్టు మొత్తం చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"ఈ సంగతి అక్కకు చెప్పినారా సార్?"

"నిన్ననే తెలిసిందమ్మా."

ఆమె గోతంలో చెయ్యి పెట్టి, వంపు తిరిగిన పేడొకటి వెతికి నా చేతిలో పెట్టింది. "ఇంటికొకటి ఉండనీండి. మిగిలినవాటితో నీళ్లు కాంచుకోండి. మీ దగ్గు ఇనలేకపోతా ఉండాం."

సాయంత్రం పొయ్యి ముట్టించాను. ఆమె చివరి రోజు పనికి నీళ్లు బాగానే కాగాయి. పోసుకున్నంతసేపూ ఏడ్చాను.