ఉత్తరాలక్క రాయని ఉత్తరం

ఆ వారపత్రికలో పాఠకుల ఉత్తరాల పేజీ చూసే ఆవిడను అందరూ ఉత్తరాలక్క అనేవారు. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే జిగురు సీసా. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు "తీరిక దొరకలేదు" అని నవ్వేసేది.

ఆ ఏడు పత్రికలో వచ్చిన ఒక సీరియల్ పాఠకులకు కంటిమీద కునుకు లేకుండా చేసింది. అందులో ఒక నర్సూ ఒక టైలరమ్మా ఒకే ఇంట్లో అద్దెకుంటారు. వాళ్ళది స్నేహమేనని సగంమంది, కాదు ప్రేమేనని సగంమంది ఉత్తరాల్లో జుట్లు పట్టుకున్నారు. లేని మనుషుల గదిలోకి తొంగిచూడటానికి ఎంత ఆత్రమో! రచయిత నోరు విప్పలేదు. ఉత్తరాలక్క మూడో వారానికే ప్రేమేనని తేల్చుకుంది, కానీ పైకి అనే ధైర్యం ఆమెకు ఏనాడూ లేదు.

ఒకరోజు పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఉత్తరం వచ్చింది. "నర్సుకు జ్వరమొస్తే టైలరమ్మ కుట్టుమిషను మంచం పక్కకు లాక్కుంది. స్నేహితురాలైతే మాత్ర ఇచ్చి పనిలో పడిపోయేది. నాకెలా తెలుసంటే, నేనూ అలాంటిదాన్నే."

అది చదివి అక్క ఏడ్చింది. పల్చటి కాగితాలు టైపు చేసేచోట చిరుగుతాయని వాటిని అట్టలకు అంటించడం ఆమె అలవాటు. ఎప్పుడూ వెనక్కి తిప్పి చూశాకే జిగురు రాసేది. ఆరోజు చూడలేదు. దొంగ ఉత్తరాలని ఎవరూ అనకుండా పేరూ ఇంటి నంబరూ వేయడం పత్రిక పద్ధతి. అలాగే వేశారు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి తండ్రి, బస్సు డ్రైవరు, పత్రిక పట్టుకుని ఆఫీసుకొచ్చాడు.

"ఇది మా పిల్ల రాసిందేనా? అసలు కాగితం చూపించండి."

అక్క లోపలికెళ్ళి అట్ట తీసింది. ఊడిన అంచు దగ్గర అక్షరాలు కనబడితే గోటితో లాగింది. "దయచేసి పేరు వేయొద్దు. మా నాన్న మీ పత్రిక చదువుతారు."

కాగితం లోపలే దాచి బయటికొచ్చింది. "అది మీ అమ్మాయిది కాదండీ. ఉత్తరాలు తక్కువైతే నేనే రాసేస్తుంటాను. పాత ఉత్తరం మీదున్న ఆ పేరు వాడుకున్నాను."

డ్రైవరు కుర్చీలో కూలబడ్డాడు. "మరి తనే రాశానంది కదమ్మా! నా మీద కోపంతో అన్నదన్నమాట. బెల్టు తీశాను. మొన్న పొద్దున ఇల్లొదిలి పోయింది." మొహం తుడుచుకుని చేతులు జోడించాడు. "ఈ మాట పత్రికలో వేయండమ్మా. చూస్తే తిరిగొస్తుంది."

వేశారు. ఆ ఉత్తరం అబద్ధమనీ, రాసినందుకు ఉద్యోగిని తొలగిస్తున్నామనీ నాలుగు వరుసలు. పిల్ల ఇల్లు చేరితే చాలు, ఉద్యోగం పోతే పోయిందనుకుంది అక్క.

ఆఖరిరోజు బల్ల సర్దుతుంటే ఒక కార్డు వచ్చింది. అదే చేతిరాత. ఈసారి పేరు లేదు, చిరునామా లేదు.

"మా నాన్న బెల్టు తీసినా ఆ ఉత్తరం నాది కాదని నేను అనలేదు. మీరు అనేశారు."

అక్క ఆ రెండు వాక్యాలూ నిలబడే చదివింది. తప్పు దిద్దుకుంటూ మరో నాలుగు వరుసలు వేయడానికి ఆ పేజీ ఇక ఆమెది కాదు.