బస్సు దిగని రోజు

కరువు మండలాల అధికారులకు నీటి యాజమాన్యం నేర్పడం నా ఉద్యోగం. అడవి, పొలం, పశువులు, తాగునీరు వేటికవి వేరు కావు, అన్నిటినీ కలిపి చూడాలి. గట్టు మీది నుంచి వాగు దాకా ఊరివాళ్లతో నడిచి, చూసింది షీటులో రాయాలి. ఏళ్ల తరబడి ఇదే పాఠం. చెప్పీ చెప్పీ నా గొంతు నాకే విసుగు.

ఒక వేసవిలో ఓ బ్యాచ్‌ను టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న గూడేనికి తీసుకెళ్లాను. వస్తున్నామని ముందురోజే కబురు పంపాం. తీరా వెళ్లేసరికి ఎండ మండిపోతోంది. భోజనాలు వెనక టేకులపల్లిలో చల్లారుతున్నాయి. వంతెన మీద బస్సు ఆగింది.

"వాగు ఎండింది కండ్లకే కనవడుతుంది గద సార్, ఇగ దిగుడెందుకు?" అన్నాడో ఇంజనీరు.

నాకూ మోకాళ్ల నొప్పులు. సరే అన్నాను. 'వాగు ఎండిపోయింది, వాడకం లేదు' అని సీట్లలో కూర్చునే రాశారు. కింద నేను సంతకం పెట్టాను. శిక్షణ కోసం రాసినవే అయినా ఆ షీట్లు మండలం నీటి ప్రణాళికలో కలుస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా పెట్టాను.

మరుసటి ఏడు ఇంకో బ్యాచ్‌తో అక్కడికే వెళ్లి, ఈసారి దిగాం. వాగులో ఇసుక లేదు, అడుగున బండ తేలి ఉంది. వాడకం లేని వాగని రోడ్డు పనికి ఇసుక తోడుకోనిచ్చారట. వంపు తిరిగితే ఒక పెద్దామె బండ సందులో చిప్పతో గీకుతోంది. బిందె ఖాళీగా పక్కనే ఉంది.

వాగు పైకి ఎండినా ఇసుక లోపల నీళ్లుంటాయి. గుంట తీస్తే ఊరుతాయి. ఆ చెలమ నీళ్లతోనే గూడెం వేసవి గడిచేది. ఇసుక పోయింది, నీళ్లూ పోయాయి. ఇప్పుడు రెండు మైళ్లు నడుస్తున్నారు.

ఆమె మమ్మల్ని చూసి లేచింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నిరుడు గూడ వచ్చిండ్రు గద సారూ. సార్లొస్తున్నరని పొద్దుగాలనే పాత నీళ్లు తోడి పారవోసి, మీరు తాగనీకి మంచియి ఊరబెట్టినం. గీడనే కూసున్నం. బస్సు ఆగిన సప్పుడు ఇన్నం, మల్ల పోయిన సప్పుడు ఇన్నం."