తమ్ముడి పడవకు కుట్టిన జెండా

రేవు గేటు పక్కన కుట్టుమిషన్ పెట్టుకున్న ఆవిడను అందరూ జెండాలక్క అంటారు. పరాయి ఓడ ఏది వచ్చినా, రేవులో ఉన్నన్నాళ్లు మర్యాదకు మన జెండా కూడా ఎగరేయాలి. ఇంటికొచ్చిన చుట్టం మన తువ్వాలే భుజాన వేసుకోవడం లాంటిదని ఆవిడ నాకు విడమరిచి చెప్పింది. ఉప్పుగాలికి జెండాలు పేలికలవుతాయి కనుక ఓడలవాళ్లకు ఆవిడ గడప తొక్కక తప్పదు.

పెద్ద దేశం ఓడలు మొదట్లో ఎప్పుడో ఒకటి వచ్చేవట. తర్వాత వరస కట్టాయి. అప్పట్లో సముద్రం మీద దొంగల బెడద. జెండాలక్క తమ్ముడు చిన్న పడవలో దగ్గరి దీవులకు సిమెంటు, ఉల్లిపాయలు చేరవేసేవాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఈవిడే. ఒకసారి దొంగలు పడవతో సహా పట్టుకుపోతే, పెద్ద దేశం వాళ్ల బూడిదరంగు యుద్ధనౌక వెళ్లి విడిపించుకొచ్చింది. మనవాళ్లు ఓదార్చారు, వాళ్లు తమ్ముణ్ణి తెచ్చిచ్చారు అంటుంది ఆవిడ.

ఆ కృతజ్ఞత కొద్దీ, మిగిలిన గుడ్డ ముక్కలతో పెద్ద దేశం జెండా కుట్టి తమ్ముడి పడవకు కట్టబోయింది. పహిల్వాను చొక్కా తొడుక్కుంటే కండలొస్తాయా అని అతను నవ్వాడట.

"నోరు మూసుకుని కట్టుకోరా. అది చూస్తే దొంగ వెధవలు దగ్గరికి రారు" అని కసిరింది.

నిజంగానే రాలేదు.

కొన్నాళ్లకు రేవులో ఓడలు ఆగే కొత్త జెట్టీ పెద్ద దేశం చేతికి వెళ్లింది. సరుకూ వాళ్లదే, కాపలా వాళ్లదే. దొంగలు పోయారు, పెద్ద దేశం నౌకల గస్తీ ఉండిపోయింది. దీవుల దారిలో పడవలను ఆపి, ఎవరివని అడగడం మొదలైంది. జెండా దించాలని తమ్ముడికి తోచలేదు, దించమనాలని అక్కకూ తోచలేదు. ప్రాణం కాపాడినవాళ్లను చూసి ఎవరు జాగ్రత్తపడతారు?

పొగమంచు పట్టిన ఒక ఉదయం గస్తీవాళ్లు అతని పడవను ఆపారు. తమ జెండాను దొంగచాటుగా వాడుకున్నాడని జైల్లో వేశారు. అది ఎవరు కుట్టారని ఎంత అడిగినా అతను చెప్పలేదట. బయటికొచ్చేసరికి పడవను విరగ్గొట్టి తుక్కులో పడేశారు. ఆవిడ ఎదురెళ్లి నిలబడితే పక్కనుంచి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ జెట్టీ మీదే, వాళ్ల ఓడలకే తాళ్లు కడుతున్నాడు.

"తిట్టినా బాగుండు. తిట్టే చనువు కూడా లేకుండా పోయింది" అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

మొన్న నేనక్కడ ఉండగానే అతను వచ్చాడు. బూడిదరంగు నౌక జెండా అంచు చిరిగితే బాగుచేయించుకు రమ్మని పంపారు. దాన్ని మిషన్ మీద పెట్టి, గోడకేసి చూస్తూ అడిగాడు.

"ఎప్పటికిస్తారు?"

సాయంత్రానికని చెప్పింది. మళ్లీ తనే, "భోంచేశావురా?" అంది.

తల ఊపాడు. అవునో కాదో తెలియలేదు. తాళ్లు ఒరుసుకుని పుండ్లుపడిన చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆవిడ జెండా పరిచి, అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టింది. కుట్లు మరీ ఎడంగా పడుతున్నాయి. గాలికి ఆగుతుందా అన్నాను.

"ఆగదు" అంది తల ఎత్తకుండా. "ఆగితే వాడు మళ్లీ ఎందుకొస్తాడు?"