మిరప టిక్కీల మధ్య వీణ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఉన్నదానికి కాస్త కలిపి చెప్తాను. మా ఇంట్లో దోమ కుడితే, వీధి చివరికి చేరేసరికి అది కాకంత అవుతుంది. తగ్గించి చదువుకోండి.

మా ఆవిడ వీణ టీచరు. పక్కింటి కుక్కరు మూడో విజిల్ శ్రుతి తప్పిందని చెప్పగల చెవి ఆవిడది. నా స్పీకర్లలో వీణ వీణలాగే ఉందని ఆవిడ చేత ఒక్కసారి అనిపించుకోవాలని పదేళ్ళుగా నా ఆశ. బ్రాడీపేటలో దొరికిన ప్రతి జతా తెచ్చాను. అన్నిటికీ ఒకటే తీర్పు: "రేకుల షెడ్డులో వాయించినట్టుందండీ."

ఆఖరికి నా అంత ఎత్తున్న జత కొన్నాను. ఆటోలో ఎక్కిస్తుంటే డ్రైవరు వెనక్కి తిరిగి, "మొత్తం ఎంతమంది సార్?" అన్నాడు. వాటి కింద బరువైన రాతి దిమ్మలుండాలని ఎక్కడో చదివి చీమకుర్తి వెళ్ళాను. నా కొలతల కాగితం చూసి రాళ్ళు కోసే ఆయన గొంతు తగ్గించాడు.

"ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదు. రెండు దిమ్మలు, ఒకటే సైజువి."

ఆయన జాలిగా టీ తెప్పించాడు. "ముందుచూపేనండీ. ఇద్దరికీ ఒక్కసారే అయిపోద్ది. పేర్లు ఇప్పుడే చెక్కమంటారా?"

దిమ్మలు దించితే హాలు జానెడు కుంగింది. ఆవిడ విని, "షెడ్డుకి పునాది పడిందంతే," అంది. "తప్పు డబ్బాలది కాదండీ, ఈ ఉత్త గోడలది. ఆదివారం దాకా చూస్తా. ఆ తర్వాత ఇవి అటక మీదికి, హాలు నా శిష్యులకి."

శనివారం వినుకొండ నుంచి మా బావమరిది లారీతో దిగాడు. "బావా, కోల్డ్ స్టోరేజీలో చోటు లేదు. నాలుగు రోజులు నీ హాల్లో పెడతా." నేను నోరు తెరిచేలోగా మిరప టిక్కీలు, అదే, ఎండుమిరప కాయలు కుక్కి కుట్టిన గోతాలు, మూడు గోడల వెంట కప్పు దాకా లేచాయి.

ఆదివారం అటక తప్పదనుకుంటూనే వీణ రికార్డు పెట్టాను. రేకుల షెడ్డు మోత లేదు! తీగ మీద వేలు జారడం కూడా వినిపించింది. ఆవిడ వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. కళ్ళ వెంట ధారగా నీళ్ళు. నా పదేళ్ళ తపస్సు ఫలించిందని నేనూ ఏడ్చాను. ట్రాక్టరు హారనే సంగీతమనుకునే బావమరిదీ ఏడ్చాడు. గోల తగ్గించమని చెప్పడానికొచ్చిన పక్కింటాయన గుమ్మంలోనే భోరుమన్నాడు.

"ఏరా, అంత కదిలించిందా?"

"ఘాటు బావా, ఘాటు! ముందా ఫ్యాను ఆపు!"

ఆవిడ మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆసాంతం విని, "బాగుందండీ," అంది.

ఇందులో పచ్చి అబద్ధం ఆ ఆఖరి మాటే. మిగతావి కొంచెం సాగదీశాను, అంతే. ఆవిడ ఏమీ అనలేదు. పదకొండుసార్లు తుమ్మింది, పాట అయ్యేదాకా మాత్రం లేవలేదు. నాలుగో రోజు బావమరిది లారీ తెస్తే, "కిటికీ వైపువి తీసుకుపోరా. వెనక గోడవి ఇంకో వారం ఉండనీ," అంది.